‘21 సిట్టింగులు పడతాయమ్మా’ అని చెప్పేది నా నోరే

తిరుపతిలో ఒక ప్రైవేటు ఫిజియోథెరపీ క్లినిక్కులో రెండేళ్లుగా పనిచేస్తున్న 26 ఏళ్ల యువతి రాసిన ఉత్తరం ఇది. పేరు తెలియనివ్వవద్దని కోరారు గనుక, గుర్తుపట్టడానికి వీలున్న వివరాలను తీసివేసి, మిగిలినదాన్ని వీలైనంతవరకు ఆమె మాటల్లోనే క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమెది రైతు కుటుంబం. నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ముగించి ఈ క్లినిక్కులో చేరారు. యజమాని కూడా ఫిజియోథెరపిస్టే. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆయనకు ఇచ్చారు. అవి నేటికీ ఆయన బీరువాలోనే ఉన్నాయి. చేరిన ఏడాదికి నాన్నగారికి గుండె ఆపరేషన్ చేయవలసి వస్తే, అడగకముందే ఆయన 80 వేల రూపాయలు తెచ్చి చేతిలో పెట్టారు. నెలకు 4 వేల చొప్పున జీతంలో పట్టుకుంటున్నారు, ఇంకా 36 వేలు బాకీ ఉంది. ‘ఆ రోజు సార్ ఆదుకోకపోతే ఈ రోజు మా నాన్న లేరు’ అని ఆమె రాశారు.

క్లినిక్కు పద్ధతి ఇలా ఉంటుంది. నడుము నొప్పితో ఎవరు వచ్చినా మొదటి రోజే 21 సిట్టింగుల ప్యాకేజీ చెప్పాలి. సిట్టింగుకు 350 రూపాయలు. సగం డబ్బు ముందే కట్టాలి, మిగతా సగం పదో సిట్టింగు నాడు కట్టాలి. అందరికీ ట్రాక్షన్ (నడుమును మెషీన్‌తో లాగి ఉంచడం), ఐ.ఎఫ్.టి. (నొప్పి ఉన్నచోట సన్నని కరెంటు పెట్టడం), అల్ట్రాసౌండ్ (శబ్ద తరంగాల చికిత్స) వరుసగా పెడతారు. వ్యాయామాలు మాత్రం ఆఖరి వారంలోనే నేర్పాలి, ఎందుకంటే ముందే నేర్పితే రోగులు రావడం మానేస్తారని సార్ అంటారు. నొప్పి పదికి ఎంత అని అడిగినప్పుడు రోగి ‘మూడు’ అన్నా, సిట్టింగులు పూర్తయ్యేవరకు కేస్ షీటులో ఆరు అనో ఏడు అనో రాయాలి. ఇవి కాక, నెల మొదటి వారంలో ఇద్దరు డాక్టర్లకు కవర్లు అందించే పని కూడా ఈమెదే. ‘కవర్లో ఏముందో నేను ఎన్నడూ అడగలేదు, కానీ నాకు తెలుసు’ అంటారు.

ఇన్నాళ్లూ లోలోపలే అణచుకున్న బాధ ఒక రోగి వల్ల బయటపడింది. పాకాల దగ్గరి పల్లె నుంచి రెండు బస్సులు మారి, రోజు విడిచి రోజు వచ్చే 58 ఏళ్ల స్త్రీ ఆమె. మామిడి కాలంలో దామలచెరువు మండీలో కూలికి పోతారు. ప్యాకేజీ డబ్బు మొత్తం కట్టేశారు, అందుకు చెవి కమ్మలు కుదువ పెట్టారు. ఏడో సిట్టింగుకే నొప్పి చాలావరకు తగ్గింది. పద్నాలుగోది ముగిశాక, 21 అయిన తరువాత ఇంకో పది ‘మెయింటెనెన్స్’ కింద చెప్పమని సార్ అన్నారు. ఆ మాట చెప్పడానికి ఈమె తడబడుతుంటే ఆ తల్లి, ‘నువ్వు చెయ్యి పెడితేనే కదా మా నాకు తగ్గింది, నువ్వు ఎన్ని దినాలు రమ్మంటే అన్ని దినాలు వస్తా’ అన్నారట. ఆ రాత్రి నిద్రపట్టక ఈ ఉత్తరం రాశారు. రోగికి నిజం చెప్పాలా, సార్‌తో మాట్లాడాలా, ఉద్యోగం మానేయాలా, కేస్ షీట్లను ఫోటోలు తీసి ఎవరికైనా ఫిర్యాదు చేయాలా అని అడుగుతున్నారు. ‘డబ్బు తీసుకునేది సార్, కానీ 21 సిట్టింగులు పడతాయమ్మా అని చెప్పేది నా నోరే. నేనూ మోసగత్తెనేనా?’ అన్నది చివరి వాక్యం.

*

ముందుగా ఆ చివరి ప్రశ్నకే జవాబు చెప్పాలి, ఎందుకంటే దాన్ని పక్కన పెట్టి మిగతావి ఎంత మాట్లాడినా మీ మనసుకు ఎక్కవు. మీరు మోసం చేయాలని ఈ వృత్తిలోకి రాలేదు, ఈ పద్ధతిని పెట్టినవారూ మీరు కారు. అయినా మీ ఉత్తరంలోని కొన్ని పనులు మీ చేతులతోనే జరిగాయి, వాటిని సార్ ఖాతాలో వేసి మిమ్మల్ని ఊరడించడం నాకు ఇష్టం లేదు. రోగి మూడు అన్నప్పుడు ఆరు అని రాసి కింద పెట్టిన సంతకం మీది. తగ్గిన రోగితో ఇంకా రావాలని చెప్పిన మాట మీది. ధరలు, ప్యాకేజీలు, డాక్టర్లతో ఒప్పందాలు మీవి కావు. ఏది మీది, ఏది మీది కాదు అన్నది ముందు విడదీసుకుంటే, ఏది రేపే మార్చగలరో, దేనికి ఆరు నెలలు పడుతుందో మీకే తెలుస్తుంది. ఇప్పుడు మీరు అన్నిటినీ ఒకే మూటగా కట్టి నెత్తిన పెట్టుకున్నారు, అందుకే ఏ వైపూ అడుగు పడడం లేదు.

మెషీన్ల సంగతి చూద్దాం. దీర్ఘకాలిక నడుము నొప్పికి ట్రాక్షన్, చికిత్సగా వాడే అల్ట్రాసౌండ్, చర్మం మీద కరెంటు పెట్టే టెన్స్ వంటివి మామూలుగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పింది. రోగికి తన నొప్పిని గురించి వివరించడం, వ్యాయామం వంటివాటిని సిఫార్సు చేసింది. బ్రిటన్‌లో చికిత్సలకు మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ అంతకు ముందే, 2016లో, ట్రాక్షన్‌తో పాటు ఐ.ఎఫ్.టి.ని కూడా నడుము నొప్పికి ఇవ్వవద్దని రాసింది. అంటే మీ క్లినిక్కు మొదటి రెండు వారాలు పెట్టేది బలమైన ఆధారం లేనిది, చివరి వారానికి దాచిపెట్టేది ఆధారం ఉన్నది. మీ మనసు ఊరికే తొలిచివేయడం లేదని చెప్పడానికే ఈ మాట.

అయితే దీన్ని చదివి మీ సార్‌ను దుర్మార్గుడిగా తేల్చేయకండి. మన ప్రాంతంలో ఫిజియోథెరపీ అంటే జనం దృష్టిలో ‘కరెంటు పెట్టించుకోవడం’. కరెంటు పెట్టకుండా వ్యాయామం నేర్పి పంపితే, ‘ఏమీ చేయకుండానే డబ్బు తీసుకున్నారు’ అని బయటికి వెళ్లి చెప్పే రోగులను, ఇదే వృత్తిలో ఉన్న నేనూ చూశాను. విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టుకు రాష్ట్రాలు దాటి వచ్చే జనం ఉన్న చోటు ఇది. నయం చేసే చేయి ఒకటి ఉంటుందని, ఆ చేతికి లోబడితే చాలని మనవాళ్లు గట్టిగా నమ్ముతారు. పాకాల తల్లి మీతో అన్నది కూడా అదే కదా. ఆమె నమ్మినది మెషీన్‌ను కాదు, మిమ్మల్ని. మీ సార్ చదువుకున్న రోజుల్లో మెషీన్లే ఈ వృత్తికి గౌరవం తెచ్చిపెట్టాయి. వాటికి కట్టే వాయిదాలు, గది అద్దె, మీ జీతం అన్నీ ఈ 350 రూపాయల్లోంచే రావాలి. ఇవన్నీ తెలిసి కూడా, వ్యాయామాన్ని కావాలని దాచడం, తగ్గిన నొప్పిని తగ్గలేదని రాయించడం తప్పేనని నేను అంటాను.

ఎందుకు అంత గట్టిగా అంటున్నానో చెప్పాలంటే నా తొలి ఉద్యోగం నాటి సంగతి చెప్పాలి. 30 ఏళ్ల పైమాట. చిత్తూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. అక్కడ నడుము నొప్పికి 15 రోజులు డయాథర్మీ, అంటే మెషీన్‌తో లోపలికి వేడి పెట్టడం, అన్నది లెక్క. బెల్లం గానుగ దగ్గర పనిచేసే నలభై ఏళ్ల మనిషి ఒకరు వచ్చారు. వచ్చినవాళ్లను వరుసగా పడుకోబెట్టడం, టైమర్ తిప్పడం, షీటు మీద సిట్టింగు సంఖ్య వేసి ‘మార్పు లేదు’ అని రాయడం, ఇదే నా పని. రాత్రిళ్లు నొప్పి ఎక్కువై కూర్చుంటున్నానని, తెల్లారేసరికి ఒళ్లంతా చెమట పడుతోందని ఆయన రెండుసార్లు చెప్పారు. పంచె వదులైపోతోందని కూడా ఒకసారి నవ్వుతూ అన్నారు. నేను విన్నాను, కానీ అడగలేదు. ఎందుకంటే ఎన్ని రోజులు, ఏ మెషీన్ అన్నది ముందే నిర్ణయమైపోయింది, అడిగి తెలుసుకోవలసింది ఏమీ మిగలలేదు. పన్నెండో రోజున మంచం దిగబోతే ఆయన కుడి కాలు నిలవలేదు. వెన్నెముకకు క్షయ అని తరువాత తేలింది. నెలల తరబడి మందులు వాడి ఆయన మళ్లీ నడిచారు గానీ, గానుగ పనికి మాత్రం వెళ్లలేకపోయారు. నేను మొదటి వారంలోనే ఆయనను డాక్టరు దగ్గరికి తిప్పి పంపి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలలేదు.

ప్యాకేజీతో వచ్చే పెద్ద నష్టం నా దృష్టిలో ఇదే. డబ్బు నష్టం కనిపించేది, ఇది కనిపించనిది. సంఖ్య ముందే తేలిపోయిన చోట రోగిని రెండోసారి పరీక్షించడం ఆగిపోతుంది. దానికి తోడు మీ క్లినిక్కులో అంకెలు కూడా తప్పు రాస్తున్నారు. మూడును ఆరుగా రాసే కేస్ షీటులో, రేపు ఎవరికైనా నిజంగానే మూడు ఆరైతే, అది ప్రమాద సూచన అని ఎవరు గుర్తుపడతారు? మీరు సెలవులో ఉన్న రోజు మీ బదులు చూసే అమ్మాయి ఆ షీటునే నమ్ముతుంది. రోగిని పంపిన డాక్టరు కూడా దాన్నే చూసి మందు మారుస్తారు.

కాబట్టి అంకెల విషయంలో మాత్రం నేను మీకు రెండు మూడు దారులు చూపలేను. రేపటి నుంచి రోగి చెప్పిన అంకెనే రాయండి. దీనికి ఎవరి అనుమతీ అక్కరలేదు, ముందుగా ప్రకటించనూ అక్కరలేదు. ఒకటి రెండు వారాలకు సార్ గమనిస్తారు, అడుగుతారు. ‘ఆమె మూడు అంది సార్, నేను మూడు రాశాను, సంతకం నాది కదా’ అన్న మాట చాలు. ఆయన కోప్పడవచ్చు; కేస్ షీట్లు రాసే పని వేరొకరికి అప్పగించి మిమ్మల్ని మెషీన్ల దగ్గరే ఉంచవచ్చు. అది మీకు అవమానంగా అనిపిస్తుంది. అయినా ఉద్యోగం అప్పటికప్పుడు పోయే విషయం కాదు, ఎందుకంటే నిజం రాసినందుకు తీసేశానని ఏ యజమానీ బయట చెప్పుకోలేరు.

ఇక సార్‌తో మాట్లాడడం. దీన్ని మీరు ఇంతకాలం వాయిదా వేయడానికి కారణం భయం మాత్రమే కాదని, ఆ 80 వేలని ఉత్తరం చదివిన ఎవరికైనా అర్థమవుతుంది. ఉప్పు తిన్న ఇంటిని వేలెత్తి చూపడం మనకు చేతకాదు, చేతకాకపోవడంలో ఒక మంచితనం కూడా ఉంది. ఆయన చేసిన సాయం నిజమైనది, దానికి జన్మంతా కృతజ్ఞత చూపండి. నాన్నగారిని తీసుకుని పండగకు వాళ్లింటికి వెళ్లండి, ఆయనకు కష్టం వస్తే ముందు నిలబడండి. డబ్బు బాకీ వేరు, అది నెలనెలా తీరుతూనే ఉంది. కానీ ఆ కృతజ్ఞతను పాకాల తల్లి కమ్మలతో తీర్చే హక్కు మీకు లేదు. అడగడానికి ఆయనకూ లేదు. బహుశా ఆయన ఎన్నడూ దాన్ని ఆ విధంగా అడిగి కూడా ఉండరు, మీరే మనసులో రెండిటినీ ముడివేసుకుని ఉంటారు.

మాట్లాడదలచుకుంటే సాయంత్రం రోగులంతా వెళ్లాక, మీరిద్దరే ఉన్నప్పుడు మాట్లాడండి. మోసం, దోపిడీ అన్న మాటలతో మొదలుపెడితే ఆయన చెవులు అక్కడే మూసుకుంటాయి. ఒకే ఒక్క మార్పు అడగండి: 21కి బదులు ముందు ఆరు సిట్టింగులే చెప్పి, ఆరో నాడు మళ్లీ పరీక్షించి, అవసరమైతేనే కొనసాగించడం, వ్యాయామాలు మొదటి రోజు నుంచే నేర్పడం. ‘పరీక్షించకుండా కొనసాగిస్తే ఏదైనా పెద్ద జబ్బు మన కళ్లు గప్పి పోతుందేమోనని భయంగా ఉంది సార్’ అని చెప్పండి. ఇది మర్యాద కోసం వేసే ముసుగు కాదు, అక్షరాలా నిజం. ఫిజియోథెరపిస్టుగా ఆయనకు ఇది అర్థం కాకుండా ఉండదు.

లెక్కల దగ్గర మాత్రం మిమ్మల్ని మీరు మభ్యపెట్టుకోవద్దు. ఇప్పుడు ఒక రోగి మీద వచ్చేది 7,350 రూపాయలు. ఆరు సిట్టింగులతోనే ఆగిపోయే రోగి ఇచ్చేది 2,100. మొదటి రోజు పరీక్షకు, వ్యాయామం నేర్పినందుకు విడిగా న్యాయమైన ఫీజు తీసుకున్నా ఆ తేడా పూడదు. త్వరగా తగ్గిన రోగులు మరో పదిమందిని పంపుతారన్నది నిజమే, కానీ దానికి ఏడాది పట్టవచ్చు, ఆ ఏడాదిపాటు వాయిదాలు కట్టవలసింది ఆయన. అందువల్ల ఒప్పుకోకపోతే ఆశ్చర్యపోకండి. అప్పుడు ఇంకా చిన్న కోరిక కోరవచ్చు: దూరపు పల్లెల నుంచి బస్సుల్లో వచ్చేవారికి మాత్రం ఇంట్లో చేసుకునే వ్యాయామాలు ముందే నేర్పి, వారానికి ఒక్కసారి రమ్మని చెప్పే వీలు ఇవ్వమని అడగండి. అటువంటి రోగులు ఎలాగూ మధ్యలో మానేస్తుంటారు గనుక ఆయనకు పోయేది తక్కువ, అంగీకరించే అవకాశం ఎక్కువ. ఒకచోట మొదలైన పద్ధతి మిగతావాటికి పాకడం నేను చూశాను; పాకకుండా అక్కడే ఆగిపోవడం కూడా చూశాను.

కవర్ల గురించి మీరు రెండే వాక్యాలు రాశారు, కానీ చట్టం దృష్టిలో మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైనది అదే. రోగిని పంపినందుకు డాక్టరు కమీషన్ తీసుకోవడాన్ని, ఇవ్వడాన్ని 2002 నాటి వైద్యుల వృత్తి నియమావళి స్పష్టంగా నిషేధించింది. రోజులు గడిచి అది బయటపడితే ఎవరు తెచ్చి ఇచ్చేవారన్న ప్రశ్న వస్తుంది, అప్పుడు వచ్చేది మీ పేరు. ‘ఈ పని నాతో చేయించకండి సార్’ అని అడగడం మీ చేతిలో ఉంది. ఆ కవర్లు మరొకరి చేతిలో వెళతాయే తప్ప ఆగవు, ఆ సంగతి మనసుకు బాధగానే ఉంటుంది. ఆ అలవాటును మాన్పించే శక్తి ఈ రోజు మీకు లేదు. అందులోంచి తప్పుకునే శక్తి మాత్రం ఉంది.

ఫిర్యాదు గురించి అడిగారు. కేస్ షీట్లను ఫోటోలు తీయాలన్న ఆలోచనను మాత్రం దయచేసి వదిలేయండి. ఆ షీట్లలో ఉన్నది క్లినిక్కు రహస్యం ఒక్కటే కాదు, మీ మీద నమ్మకంతో ఒంటి సంగతులన్నీ చెప్పుకున్న మనుషుల రహస్యం. పైగా ఆ తప్పుడు అంకెల కింద ఉన్న సంతకాలు మీవే గనుక, ఆ ఫోటోలు ముందు మీ మీదికే వస్తాయి. బదులుగా, ఏ తేదీన ఏమి రాయమన్నారు, మీరు ఏమన్నారు అన్నది రోగుల పేర్లు లేకుండా మీ సొంత నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టంలో ఫిజియోథెరపిస్టులు ఉన్నారు. ప్రతి రాష్ట్రంలో ఒక కౌన్సిల్, వృత్తిలో ఉన్నవారి రిజిస్టరు, నడవడి నియమాలు ఉండాలని ఆ చట్టం చెబుతుంది. 1955లో ఏర్పడిన భారత ఫిజియోథెరపిస్టుల సంఘానికి కూడా నైతిక నియమావళి ఉంది. డాక్టరు కమీషన్ మీద అయితే రాష్ట్ర వైద్య మండలికి రాయవచ్చు. ఈ తలుపులు ఉన్నాయని తెలిసి ఉండడం మంచిదే. కానీ సార్‌తో ఒక్క మాటైనా మాట్లాడకముందే ఆ తలుపు తట్టడం తొందరపాటని నా అభిప్రాయం. తిరుపతి పెద్ద ఊరే గానీ ఈ వృత్తిలో అందరికీ అందరూ తెలుసు. ఫిర్యాదు చేసిన పేరు ఏళ్ల తరబడి వెంట వస్తుంది. అలాగని ఎన్నటికీ చేయవద్దని అనను. రోగి శరీరానికి హాని జరుగుతున్నదని, ఉదాహరణకు పేస్‌మేకర్ ఉన్నవారికీ కరెంటు పెట్టమంటున్నారని, ప్రమాద సూచనలు కనిపించినా డాక్టరు దగ్గరికి పంపనివ్వడం లేదని తెలిసిన రోజున ఆ లెక్కలన్నీ పక్కన పెట్టవలసిందే.

మానేయడం ఆఖరి దారిగా మీరు రాశారు. నేనైతే దాన్ని ఇప్పటి నుంచే సిద్ధం చేసుకోవలసిన దారి అంటాను, వెళ్లినా వెళ్లకపోయినా. బయటికి దారి ఉన్న మనిషి మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. ముందుగా సర్టిఫికెట్లు. ఏదైనా పోస్టుకు దరఖాస్తు చేయడానికో, రిజిస్ట్రేషన్‌కో ఒరిజినల్స్ కావాలని మామూలుగా అడిగి తెచ్చుకోండి. చాలామంది యజమానులు అడిగితే ఇచ్చేస్తారు, అడగడానికి మనమే జంకుతాం. ఇవ్వనంటే లిఖితపూర్వకంగా అడగండి. అప్పటికీ ఇవ్వకపోతే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. బాకీ సంగతి కూడా నోటి మాటగా వదలకుండా, ఇంతవరకు ఎంత కట్టారో, ఎంత మిగిలిందో ఒక కాగితం మీద రాయించి ఇద్దరూ సంతకాలు చేసుకోండి. మానేసినా అదే నెలవారీ పద్ధతిన తీరుస్తానన్న మాట అందులో ఉంటే, బాకీని చూపి ఆపే అవసరం ఆయనకూ, ఆగిపోయే అవసరం మీకూ ఉండదు.

పని దొరకదని భయపడకండి. ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో, ఎదుగుదల లోపాలున్న చిన్నపిల్లలకు చికిత్స చేసే జిల్లా సత్వర చికిత్స కేంద్రాల్లో ఫిజియోథెరపిస్టులు పనిచేస్తుంటారు. అవి చాలావరకు కాంట్రాక్టు పనులు, జీతం ఎక్కువ ఉండదు. కానీ అక్కడ సిట్టింగుల లెక్క మీద ఎవరి అద్దె ఆధారపడి ఉండదు. ఇళ్లకు వెళ్లి చికిత్స చేయడం ఇంకో దారి. ఆదాయం బాగుంటుంది గానీ, కొత్తలో నెలలు గడిచినా రోగులు దొరకకపోవచ్చు, ఒంటరిగా తెలియని ఇళ్లకు వెళ్లవలసి రావడం కూడా ఆలోచించుకోవలసిన విషయమే. ఆ దారి పడితే ఒక జాగ్రత్త: ఇప్పటి క్లినిక్కు రోగుల ఫోన్ నంబర్లు రాసుకుని వెళ్లి వాళ్లను పిలవకండి. ఈ రోజు సార్ చేస్తున్నది మీకు ఎంత తప్పుగా కనిపిస్తుందో, అది ఆయనకు అంత తప్పుగా కనిపిస్తుంది. రోగి తానే వెతుక్కుని వస్తే అది వేరు.

ఇప్పుడు పాకాల తల్లి. మీ ప్రశ్నల్లో ఆలస్యానికి తావు లేనిది ఇదొక్కటే అని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే ఆమె మళ్లీ బస్సెక్కి వస్తారు. ‘మీకు తగ్గిందమ్మా, ఇక రానక్కరలేదు’ అని చెప్పడం నిజమే అయినా, ఆమె కట్టిన డబ్బులో ఇంకా ఏడు సిట్టింగులు, అంటే 2,450 రూపాయలు, క్లినిక్కు దగ్గరే ఉన్నాయి. ఆ డబ్బు వదులుకోలేక ఆమె ఎలాగూ వస్తారు. ఆ మొత్తం తిరిగి ఇవ్వమని సార్‌ను అడగవచ్చు. ఇస్తే అంతకన్నా మేలు లేదు, కానీ మీ మొదటి సంభాషణే డబ్బు వాపసుతో మొదలైతే తక్కినది చెడిపోవచ్చు. మిగిలిన ఏడింటినీ వారానికి ఒకటిగా మార్చి, ఆ సమయాన్ని మెషీన్‌కు బదులు వ్యాయామం నేర్పడానికి, పరీక్షించడానికి వాడడం ఇంకో దారి. ఆమెకు బస్సు ఖర్చు, పోయే కూలి తగ్గుతాయి, కట్టిన డబ్బు వృథా కాదు, సార్‌కు చేతి నుంచి పోయేది ఏమీ లేదు. నేనే మీ స్థానంలో ఉంటే దీన్నే ఎంచుకుంటాను. ఆ అదనపు పది సిట్టింగుల మాట మాత్రం మీ నోటి నుంచి రానివ్వకండి. సార్ తానే చెబితే, ఆమె మీ వైపు తిరిగి ‘రావాల్నా మా?’ అని అడుగుతారు. అప్పుడు ‘అవసరం లేదమ్మా, ఇంట్లో చేసుకుంటే సరిపోతుంది’ అని చెప్పవలసి వస్తుందని ఇప్పుడే తెలుసుకుని సిద్ధంగా ఉండండి.

గడిచిన సిట్టింగుల్లో సగం అనవసరమని కూడా ఆమెకు చెప్పాలా? దీని గురించి నేను చాలాసేపు ఆలోచించాను. మీరై మీరు చెబితే మీ గుండె బరువు దిగవచ్చు. ఆమెకు మిగిలేది మాత్రం కోపం, కుదువలో ఉన్న కమ్మలు, రేపు నిజంగా జబ్బు చేసినా ఏ వైద్యుణ్నీ నమ్మలేని స్థితి. అందుకని ముందుగా ఆమెకు ఉపయోగపడే నిజం చెప్పండి. అయితే ఆమె తానుగా, ‘ఇన్ని దినాలు పన్లేకపోయినా వచ్చినానా?’ అని అడిగితే, అబద్ధం చెప్పకండి. ‘ఇంకా ముందే ఆపి ఉండవచ్చమ్మా, నేను చెప్పలేకపోయాను’ అనండి. అది చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఇలా అనకుండా ఉండమని వాదించేవాళ్లు మా వృత్తిలోనే ఉన్నారు, వాళ్ల వాదనలో కొంత బలం కూడా ఉంది. నేను మాత్రం అటువైపు నిలబడలేను.

ఆమె ఈసారి వచ్చినప్పుడు అరగంట కేటాయించండి. నడక, వెల్లకిలా పడుకుని మోకాళ్లు ఛాతీకి తెచ్చుకోవడం, నడుము పైకెత్తి నిలపడం, ఈ మూడూ చాలు. ఎక్కువ నేర్పితే ఏదీ చేయరు. మండీ పనికి వెళ్లవచ్చా అని తప్పక అడుగుతారు. వెళ్లవచ్చని చెప్పండి, పనిలోకి తిరిగి వెళ్లడం కూడా కోలుకోవడంలో భాగమే. మొదటి వారం సగం పూట, కాయలు ఏరేటప్పుడు గంటకోసారి లేచి నాలుగడుగులు నడవడం, బరువైన పెట్టెను ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తడం చూపించండి. కాలు మొద్దుబారినా, బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా, రాత్రిళ్లు నొప్పితో మెలకువ వచ్చినా, జ్వరమో బరువు తగ్గడమో కనిపించినా మీ కోసం చూడకుండా వెంటనే రుయా ఆసుపత్రికో మరో పెద్దాసుపత్రికో పొమ్మని చెప్పి, ఆ మాటలను ఆమె నోటితో తిరిగి చెప్పించుకోండి. వ్యాయామాలు మీ ఎదుట ఒకసారి చేయించి, ఇంట్లో ఫోను ఉన్న వాళ్లెవరైనా వెంట వస్తే వాళ్ల ఫోనులోనే వీడియో తీయించండి. ఎవరూ రాకపోతే ఒక కాగితం మీద మూడు బొమ్మలు గీసి, కింద ఆమె ఆ రోజు చెప్పిన నొప్పి అంకెను తేదీతో రాసి ఆమె చేతికే ఇవ్వండి.